చదువు ఆగిన వారంలోనే వెళ్లండి: మన ఊళ్లో ఆడపిల్లలు చిన్న వయసులో తల్లులు కాకుండా చూసుకోవడం ఎలా?

ఇది ఊళ్లో పనిచేసేవారి కోసం రాస్తున్నాను. మీరు బడి టీచరు కావచ్చు, అంగన్‌వాడీ టీచరు కావచ్చు, ఆశ కార్యకర్త, మహిళా సంఘం లీడరు, వార్డు సభ్యురాలు కావచ్చు. ఏ పదవీ లేకపోయినా, పక్కింటి పిల్ల చదువు ఆగిపోతే మనసు ఊరుకోని మనిషైతే చాలు. దేవరకొండ, చందంపేట తండాలలో ఒక తీరు, పాలమూరు వలస పల్లెలలో ఒక తీరు, గద్వాల సీడ్ పత్తి చేల దగ్గర ఇంకో తీరు. కానీ చేయాల్సిన పనులు, వాటి వరుస దాదాపు అంతటా ఒకటే.

పదహారేళ్ల పిల్లకు నెల తప్పిందని తెలిసిన రోజున అందరూ కదులుతారు. అంతకు ఏడాది ముందు ఆ పిల్ల బడి మానేసిన వారంలో మాత్రం ఎవరూ ఆ గడప తొక్కి ఉండరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20-24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. 15-19 ఏళ్ల అమ్మాయిలలో 5.8 శాతం మంది అప్పటికే తల్లులో, గర్భిణులో. మన దగ్గర చిన్న వయసు గర్భాలు ఎక్కువగా పెళ్లి దారిలోనే వస్తాయి. కొన్ని ప్రేమ పేరుతో, కొన్ని మోసంతో, కొన్ని బలవంతంతో వస్తాయి. దారి ఏదైనా, చాలా ఇళ్లలో ముందుగా జరిగేది చదువు ఆగిపోవడం. అందుకే ఈ పనిని ఆస్పత్రి దగ్గర కాకుండా బడి హాజరు పట్టీ దగ్గర మొదలుపెట్టమంటాను.

జనవరిలోనే పేర్లు రాసుకోండి

సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచాక ఎవరెవరు తిరిగి వచ్చారో చూడండి. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ వరకు ఊళ్లో ఉన్న ఆడపిల్లలందరి పేర్లు ఒక నోటుపుస్తకంలో రాయండి. ప్రధానోపాధ్యాయుల దగ్గర హాజరు పట్టీ ఉంటుంది, అంగన్‌వాడీలో కిశోర బాలికల వివరాలు ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే బడి పట్టీలో లేని పిల్లలు బయటపడతారు. అసలు చూడాల్సింది వాళ్లనే.

అందరి మీదా ఒకే లెక్కన కన్ను వేయలేం. నేనైతే ముందు ఈ ఇళ్లకు వెళతాను: తల్లిదండ్రులు దసరా తర్వాత ముంబైకో, పుణెకో, హైదరాబాద్ ఇటుక బట్టీలకో వెళ్లి, పిల్ల అవ్వాతాతల దగ్గర ఉన్న ఇల్లు. తల్లి లేని పిల్ల. అక్కకు పదహారేళ్లకే పెళ్లి చేసిన ఇల్లు, ఎందుకంటే రెండో పిల్లకూ అదే వయసు లెక్క వేస్తారు. తండ్రి తాగుడుతో అప్పులపాలైన ఇల్లు. గద్వాల, అయిజ వైపైతే ఆగస్టు, సెప్టెంబరులో క్రాసింగ్ పనికి (విత్తనం కోసం పత్తి పూలను చేత్తో కలిపే పని) వెళ్లి మళ్లీ తరగతికి రాని పిల్ల. ఆ చేలలో పొద్దున్నే మొదలయ్యే పనికి చిన్న చేతులు కావాలని పిల్లలను పిలుస్తారు. చేతికి నాలుగు డబ్బులు వచ్చాక బడి దూరమైపోతుంది.

ఈ పుస్తకం ఇద్దరి దగ్గరే ఉండాలి. ఫలానా పిల్ల మీద అనుమానం ఉందని ఊళ్లో మాట పుడితే, ఆ మాటకు భయపడే ఇంట్లోవాళ్లు పెళ్లి తొందర చేస్తారు. మనం కాపాడబోయి మనమే తోసినట్టవుతుంది. గ్రామ పంచాయతీలో సర్పంచ్ అధ్యక్షతన ఉండే గ్రామ బాలల పరిరక్షణ కమిటీ చాలా చోట్ల కాగితం మీదే ఉంటుంది. దాన్ని లేపి కూర్చోబెట్టండి. కానీ అక్కడ పిల్లల పేర్లు చదవకండి. ఎంతమంది బడి మానేశారో, ఏ వాడలో మానేశారో చెబితే సరిపోతుంది.

పది పరీక్ష నుంచి ఇంటర్ సీటు దాకా

ఈ మొత్తం పనిలో నేను అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టమనేది ఇక్కడే. పదో తరగతి పరీక్షలు అయిపోయి కాలేజీ తెరిచేదాకా పిల్లకు బడి ఉండదు, ఇంట్లో పని ఉంటుంది, పైగా పెళ్లిళ్ల నెల వైశాఖం వస్తుంది. ముంబై నుంచి తల్లిదండ్రులు ఊరికి వస్తారు. బంధువుల పెళ్లిలో ఎవరో పిల్లను చూస్తారు. మాట ముచ్చట, పూలు పండ్లు, లగ్నపత్రిక, అన్నీ ఇరవై రోజులలో అయిపోతాయి.

కాబట్టి పరీక్షలకు ముందే, ఫిబ్రవరిలోనే ఒక్కో పిల్ల తర్వాత ఎక్కడ చదువుతుందో మాట్లాడి రాసుకోండి. కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలకు మీసేవలో అప్పుడే దరఖాస్తు పెట్టించండి. జూన్‌లో పత్రం లేదని సీటు పోయిన పిల్లలు మీకూ తెలిసే ఉంటారు. దారులు ఉన్నాయి. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు బడి మానేసిన పిల్లల కోసమే 2004లో మొదలైన పథకం, వాటిలో చాలా వాటికి ఇప్పుడు ఇంటర్ కూడా ఉంది. సాంఘిక సంక్షేమ, గిరిజన, బీసీ, మైనారిటీ గురుకులాలున్నాయి. వలస వెళ్లే ఇంటి పిల్లకు హాస్టల్ ఉన్న చదువే అన్నిటికంటే మంచిది. తల్లిదండ్రులకు ఉన్న పెద్ద భయం, ‘మేం లేనప్పుడు పిల్ల ఎవరి కాపలాలో ఉంటుంది’ అన్నది, అక్కడితో తీరుతుంది. రోజూ వెళ్లి వచ్చే పిల్లకు 2023 డిసెంబరు నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టికెట్ లేదు. అయితే ఆ బస్సు కాలేజీ వేళకు ఊరికి వస్తుందా లేదా అన్నది మీరే చూడాలి. రాకపోతే సర్పంచ్‌తో సంతకం పెట్టించి డిపో మేనేజరుకు అర్జీ ఇవ్వండి. ఒక బస్సు వేళ మారితే ఒక వాడ ఆడపిల్లల చదువు నిలబడుతుంది.

తప్పిన పిల్లలను అస్సలు మరవకండి. ఫలితాలు వచ్చిన రోజున పాసైన ఇంటికి అందరం వెళతాం, ఫెయిలైన ఇంటికి ఎవరూ వెళ్లరు. పెళ్లి మాట పుట్టేది మాత్రం రెండో ఇంట్లోనే. ఆ సాయంత్రమే వెళ్లండి. సప్లిమెంటరీ ఫీజు కట్టే గడువు చెప్పండి, ఏ సబ్జెక్టు తప్పిందో చూసి చెప్పేవారిని వెతకండి. అదీ కుదరకపోతే తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠం ఉంది, అందరూ ఓపెన్ స్కూల్ అంటారు. అక్కడ పద్నాలుగేళ్లు నిండిన వారు పదో తరగతి, పదిహేనేళ్లు నిండి పది పాసైన వారు ఇంటర్ కట్టవచ్చు.

తండ్రితో మాట్లాడేటప్పుడు చట్టంతో మొదలుపెట్టకండి. ‘అన్నా, పిల్లను ఏం చదివిద్దామనుకుంటున్నారు?’ అని అడిగి ఆయన చెప్పేది పూర్తిగా వినండి. కట్నం పెరుగుతుందంటారు, కాలం బాగాలేదంటారు, అత్త బతికుండగా మనవరాలి పెళ్లి చూడాలంటోందని అంటారు. వీటిలో ఏదీ దుర్మార్గం కాదు. ఆడపిల్ల గురించి బెంగపెట్టుకున్న మనిషి మాటలవి. ఒక్కోదానికి ఒక్కో జవాబు తీసుకుని వెళ్లండి. ఖర్చు గురించైతే గురుకులంలో తిండి, బట్ట, పుస్తకాలు ఉచితం. పెళ్లి ఖర్చు గురించైతే కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ కింద వచ్చే 1,00,116 రూపాయలు పిల్లకు పద్దెనిమిది నిండాక చేసిన పెళ్లికే వస్తాయి, అదీ తల్లి ఖాతాలోకి వస్తాయి. ‘రెండేళ్లు ఆగితే లక్ష, ఇప్పుడు చేస్తే కేసు’ అన్న లెక్క తల్లులకు చాలా త్వరగా అర్థమవుతుంది.

శరీరం గురించి పిల్లలకు చెప్పండి

‘చెబితే చెడిపోతారు’ అనే మాట మీకు కచ్చితంగా ఎదురవుతుంది. యునెస్కో వివిధ దేశాలలోని అధ్యయనాలను పరిశీలించి, ఇలాంటి చదువు పిల్లలను తొందరపెట్టదని తేల్చింది. అయినా ఊళ్లో తల్లులకు యునెస్కో కంటే మీ మాటే బలం. అందుకే పిల్లలకు చెప్పే ముందు తల్లులను పిలవండి. మహిళా సంఘం పొదుపు సమావేశం రోజున అరగంట అడిగి తీసుకోండి. పిల్లలకు ఏం చెప్పబోతున్నారో అదే వరుసలో తల్లులకు చెప్పండి. చాలామంది తల్లులు ‘మాకు ఎవరూ ఇవి చెప్పలేదు’ అంటారు. ఆ తర్వాత వాళ్లే పిల్లలను పంపిస్తారు.

పాఠం ఎవరు చెప్పాలి? సబ్ సెంటర్ ఏఎన్ఎం గానీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ గానీ, పిల్లలకు చనువున్న మహిళా టీచరు గానీ. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10-19 ఏళ్ల పిల్లల కోసమే ఉంది. కాబట్టి ఆరోగ్య సిబ్బందిని పిలవడానికి మొహమాటపడే పని లేదు, అది వారి విధుల్లో భాగమే. తలుపు దగ్గర మగ టీచర్లు నిలబడకుండా చూసుకోండి. పిల్లలు పేరు రాయకుండా ప్రశ్నలు వేసేందుకు ఒక అట్టపెట్టె వారం ముందే పెట్టండి. ఆ చీటీలలో ఉన్న ప్రశ్నలే అసలు పాఠ్యప్రణాళిక.

చెప్పాల్సినవి సూటిగా చెప్పండి. నెలసరి ఎందుకు వస్తుంది, ఎన్ని రోజులకు వస్తుంది, నెల తప్పితే ఏమనుకోవాలి. నెలసరి మొదలైన పిల్లకు ఒక్కసారి కలిసినా గర్భం రావచ్చు, ‘మొదటిసారి రాదు’ అనేది అబద్ధం. గర్భం వచ్చినంత మాత్రాన శరీరం కాన్పుకు సిద్ధమైనట్టు కాదు. పదిహేను, పదహారేళ్లలో కటి ఎముకలు పూర్తిగా ఎదగవు, కాన్పు అడ్డం తిరగవచ్చు. రక్తపోటు పెరిగి గుర్రపువాతం వచ్చే ప్రమాదం పెద్దవాళ్ల కంటే ఎక్కువ. బిడ్డ నెల తక్కువగా, బరువు తక్కువగా పుట్టే అవకాశమూ ఎక్కువే. రాష్ట్రంలో 15-19 ఏళ్ల అమ్మాయిలలో నూటికి అరవై మందికి పైగా రక్తహీనత ఉందని ముందు చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనే చెబుతోంది. అందుకే బడిలో వారానికి ఒకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర అన్నం తిన్నాక మింగేలా చూడండి. మాత్ర పారేసే పిల్లను తిట్టకుండా ఎందుకు పారేస్తోందో అడగండి. కడుపులో తిప్పుతోందని చెబుతుంది. ఖాళీ కడుపుతో మింగి ఉంటుంది.

ఫోను గురించి ప్రత్యేకంగా చెప్పండి. ఫొటోలు పంపమని అడగడం, తర్వాత వాటితో బెదిరించడం ఇప్పుడు మారుమూల తండాకూ వచ్చింది. ‘ఫొటో పంపినా నువ్వు తప్పు చేసినట్టు కాదు, బెదిరించినవాడిదే నేరం. మాకు చెప్పు, తిట్టం’ అనే మాట పిల్ల చెవిన ముందే పడి ఉండాలి. ఆడవారిని వేధించేవారిని పట్టే పోలీసు షీ టీమ్స్ జిల్లాలలోనూ ఉన్నాయి. సైబర్ మోసాలకు 1930 ఉంది.

మగపిల్లలను వదిలేసి ఈ పని సగమే చేయకండి. వారికి విడిగా, ఒక మగ టీచరుతో చెప్పించండి. పద్దెనిమిది నిండని అమ్మాయి ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు చట్టం ముందు చెల్లదని, పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే 2012 నాటి పోక్సో చట్టం కింద కేసవుతుందని పదిహేడేళ్ల కుర్రాడికి ఎవరూ చెప్పరు. జైలు భయం ఒక్కటే నూరిపోయకండి. ఎదుటి మనిషి ‘వద్దు’ అంటే ఆగడం నేర్పించండి.

పెళ్లి మాట చెవిన పడితే

ఎంత ముందు తెలిస్తే అంత మేలు. లగ్నం రాయక ముందు ఆపితే ఇల్లు నష్టపోదు, పరువు పోదు. పందిరి వేశాక ఆపితే అప్పు చేసి తెచ్చిన సరుకులు, పిలిచిన బంధువులు, ఆ కోపమంతా పిల్ల మీద పడుతుంది. అందుకే టెంట్ హౌస్ వారికి, ఫొటోలు తీసే వారికి, ఫంక్షన్ హాలు వారికి, పురోహితుడికి, పాస్టరుకు, ఖాజీకి ముందే కలిసి చెప్పి పెట్టండి. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. జరిపించినవారికి, ప్రోత్సహించినవారికి రెండేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఈ మాట విన్న ఫొటోగ్రాఫరే చాలాసార్లు మీకు మొదటి ఫోను చేస్తాడు.

వయసు చూసేటప్పుడు ఆధార్ కార్డు మీద ఆధారపడకండి. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024లో స్పష్టం చేసింది. బాలల న్యాయ చట్టం ప్రకారం ముందు బడి ధ్రువపత్రం లేదా పది మెమో చూడాలి, అది లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, రెండూ లేకపోతేనే వైద్య పరీక్ష. అడ్మిషన్ రిజిస్టరు నకలు బడి నుంచి ముందే తెచ్చుకుంటే గడప దగ్గర వాదన ఉండదు.

ముందు ఇంటికి వెళ్లి మాట్లాడండి. పిల్ల మేనమామను, మేనత్తను కూర్చోబెట్టండి. మన దగ్గర పెళ్లి విషయంలో వారి మాటకు ఉన్న బరువు అధికారి మాటకు ఉండదు. ఒప్పుకోకపోతే ఇక ఆలస్యం చేయకుండా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి. మీ పేరు బయటపెట్టవద్దని చెప్పవచ్చు. ఐసీడీఎస్ సూపర్‌వైజరుకు, సీడీపీఓకు, తహసీల్దారుకు చెప్పండి. పెళ్లి ఆ రాత్రికే అయితే 112 లేదా 100. కోర్టు ద్వారా నిషేధపు ఉత్తర్వు కూడా తీసుకోవచ్చు. జుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇచ్చాక కూడా పెళ్లి చేస్తే, ఆ పెళ్లి చట్టం దృష్టిలో పుట్టనే పుట్టదు.

అధికారులు వచ్చి, తహసీల్దారు ముందు బైండోవర్ (ఇక ఈ పెళ్లి చేయమనే హామీపత్రం) రాయించి వెళ్లారు. పెళ్లి ఆగిందని పేపర్లో వచ్చింది. పని అయిపోయిందనుకునేది ఇక్కడే, తప్పిపోయేదీ ఇక్కడే. పది రోజులు ఆగి వేరే మండలంలో బంధువుల ఊళ్లోనో, కొండ మీది గుడిలోనో తెల్లవారుజామున కానిచ్చేస్తారు. నారాయణపేట, గద్వాల వైపైతే సరిహద్దు దాటిస్తారు. ఆపిన మర్నాడే పిల్లను కలవండి. ఆమెతో ఒంటరిగా మాట్లాడండి. ఇంట్లో ఉండటం కష్టంగా ఉంటే బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరిచి బాలసదనంలోనో, కస్తూర్బా విద్యాలయంలోనో చేర్పించే వీలుంది. మొదటి నెల వారానికి ఒకసారి, ఆ తర్వాత పండుగకు, పబ్బానికి, ముఖ్యంగా మంచి ముహూర్తాలున్న వారాలలో ఒక కన్ను వేసి ఉంచండి.

పెళ్లి అయిపోయిన పిల్లైతే

పెళ్లయిందని వదిలేయకండి. మైనరుగా పెళ్లైన అమ్మాయి ఆ పెళ్లిని రద్దు చేయమని జిల్లా కోర్టును అడగవచ్చు. తనకు ఇరవై ఏళ్లు నిండేదాకా ఆ హక్కు ఉంటుంది. ఇందుకు వకీలు ఖర్చు పెట్టనక్కర లేదు. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఫోను నంబరు 15100. పద్దెనిమిది నిండని భార్యతో భర్త కలిసినా అది అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. ఈ విషయం అత్తింటివారికి తెలిస్తే పిల్లను కనీసం పద్దెనిమిది దాకా పుట్టింట్లో ఉంచి చదివించడానికి చాలామంది ఒప్పుకుంటారు.

పద్దెనిమిది, పందొమ్మిదేళ్లకు పెళ్లైన కొత్త జంటకు ఆశ కార్యకర్త మొదటి నెలలోనే ఎదురుపడాలి. మొదటి కాన్పు రెండేళ్లు ఆపడానికి నిరోధ్, మాలా-ఎన్ మాత్రలు, ఛాయ మాత్ర, మూడు నెలలకోసారి వేసే అంతరా ఇంజెక్షన్ ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థలో ఉచితంగా దొరుకుతాయి. ఏది సరిపోతుందో ఏఎన్ఎం, డాక్టరు చూసి చెబుతారు. అత్తగారిని పక్కన పెట్టి కోడలికి చెబితే మాత్ర డబ్బా చెత్తలో పడుతుంది. అత్తగారికే చెప్పండి: ‘పెద్దమ్మా, కోడలికి రక్తం తొమ్మిది కూడా లేదు. ఒక్క ఏడాది తిననివ్వండి, తర్వాత బిడ్డ బలంగా పుడుతుంది.’ రక్తం ఎంతుందో కాగితం మీద చూపిస్తే ఇంకా మంచిది.

నెల తప్పిందని తెలిస్తే

పిల్ల మీకు చెప్పిందంటే ఎంతో ధైర్యం చేసిందన్నమాట. మొదట అనాల్సింది ఒక్కటే: ‘నాకు చెప్పి మంచి పని చేశావు. నేను నీతో ఉంటాను.’ ఎవరు, ఎప్పుడు, ఎందుకు అని ఆ పూట గుచ్చి గుచ్చి అడగవద్దు. ఆమెను ఒంటరిగా వదలవద్దు. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఆ రోజే తీయించి తాళం వేయించండి. మన పల్లెలలో ఈ జాగ్రత్త ప్రాణం నిలబెడుతుంది. మనసు కుదుట పడకపోతే టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఆశ దగ్గర పరీక్ష కిట్టు ఉంటుంది. నిర్ధారణ అయ్యాక ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి, మందుల షాపులో మాత్రల కోసం వెళ్లనివ్వకండి. ఎన్ని వారాలో తెలియకుండా మింగిన మాత్రతో రక్తస్రావమై ప్రాణం మీదికి వస్తుంది. ఇక్కడ ప్రతి రోజూ విలువైనదే. గర్భస్రావ చట్టం 2021 సవరణ తర్వాత ఇరవై వారాల లోపైతే ఒక డాక్టరు అభిప్రాయంతో, మైనర్లు, అత్యాచార బాధితులైతే ఇరవై నాలుగు వారాల దాకా ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో గర్భం తీయించుకోవచ్చు. పద్దెనిమిది నిండకపోతే సంరక్షకులు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. నిండితే ఆమె సంతకం ఒక్కటే చాలు, భర్తదీ తండ్రిదీ అవసరం లేదు. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రులలో స్త్రీల వైద్య నిపుణులున్నారు, నేరుగా అక్కడికే వెళ్లండి. ఇక అఘాయిత్యం జరిగి 72 గంటలు దాటకముందే ఆస్పత్రికి చేరితే గర్భం రాకుండానే మాత్ర ఇస్తారు. ఆ మూడు రోజులను పంచాయతీ పెద్దల రాజీ మాటలతో పోగొట్టకండి.

కేసు సంగతి దాచకుండా చెప్పండి. పద్దెనిమిది నిండని పిల్ల గర్భవతి అని తెలిసిన డాక్టరు గానీ, టీచరు గానీ, మీరు గానీ పోలీసులకు తెలియజేయాలి. అది పోక్సో చట్టం పెట్టిన విధి, తెలియజేయకపోవడమే నేరం. చాలా కుటుంబాలు దొంగచాటు వైద్యానికి పరుగెత్తేది ఈ భయంతోనే, ముఖ్యంగా ఇద్దరూ ఇష్టపడిన పిల్లలైనప్పుడు. ఆ కుటుంబానికి మీరు చెప్పగలిగిన ఊరట ఒకటుంది. గర్భస్రావం కోసం వచ్చిన మైనరు విషయంలో, పిల్ల, సంరక్షకులు కోరితే డాక్టరు పోలీసులకు ఇచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు రాయనవసరం లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో తీర్పు ఇచ్చింది. ఈ సంగతి తెలియని ఆస్పత్రి సిబ్బంది ఎదురైతే మర్యాదగానే, గట్టిగానే గుర్తుచేయండి.

కేసు నడిచినా పిల్ల స్టేషన్ చుట్టూ తిరగనక్కర లేదు. వాంగ్మూలం ఆమె ఇంట్లోనో, ఆమె కోరిన చోటనో, యూనిఫాం లేని మహిళా అధికారి తీసుకోవాలి. రాత్రి స్టేషన్‌లో ఉంచకూడదు. పరీక్ష మహిళా డాక్టరే చేయాలి. పేరు, ఫొటో, ఊరు ఎక్కడా బయటపెట్టకూడదు, మీ వాట్సాప్ గ్రూపులో కూడా. వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సహాయం ఒకే చోట దొరికేందుకు సఖి కేంద్రాలు జిల్లాలలో ఉన్నాయి. నల్గొండలో పోలీసు శాఖ భరోసా కేంద్రం కూడా పనిచేస్తోంది. సఖికి 181 ద్వారా చేరవచ్చు.

వారాలు దాటిపోయి కాన్పే దారైతే, సిగ్గుతో పిల్లను గదిలో దాచే రోజులు ఒక్కటి కూడా ఉండకూడదు. ఆ దాపరికమే ప్రాణాలు తీస్తుంది. వెంటనే ఏఎన్ఎం దగ్గర పేరు రాయించండి. రక్తం, బీపీ, బరువు ప్రతిసారీ చూపించండి. ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణికి రోజూ ఒక పూట భోజనం, పాలు, గుడ్డు ఇస్తారు. తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకబారినా, ముఖం వాచినా, రక్తం కనిపించినా, ఫిట్స్ వచ్చినా 108ని పిలవండి. ఇంటి దగ్గర కాన్పు మాట ఎత్తనివ్వకండి.

బిడ్డను పెంచలేని స్థితి ఉంటే ఎవరికో రహస్యంగా ఇచ్చేయడం, డబ్బు తీసుకోవడం నేరం. బాలల సంక్షేమ సమితి ముందు చట్టబద్ధంగా అప్పగించవచ్చు. మనసు మారితే వెనక్కి తీసుకోవడానికి అరవై రోజుల గడువు ఉంటుంది. బిడ్డ శిశుగృహలో ఉంటుంది. ఈ నిర్ణయం పిల్లది. పెద్దలు తొందరపెట్టకుండా మీరు అడ్డు నిలబడాలి.

మళ్లీ చదువులోకి

కాన్పైనా, గర్భస్రావమైనా, ఒంట్లో కుదుటపడ్డాక మొదటి ప్రశ్న చదువు గురించే కావాలి. పాత బడిలో మాటలు పడాల్సి వస్తుందని పిల్ల భయపడితే వేరే మండలంలోని కస్తూర్బా విద్యాలయంలో అడగండి. అదీ వీలుకాకపోతే ఓపెన్ స్కూల్‌లో చేర్పించి ఆదివారం తరగతులకు పంపించండి. బదిలీ పత్రం మీరే వెళ్లి తీసుకురండి. చదువు ఆపిన కారణం ఏమిటని ఎవరైనా అడిగితే, అనారోగ్యం అని చెప్పమని పిల్లకు ముందే చెప్పి ఉంచండి. ఇంతకు మించి ఎవరికీ చెప్పాల్సిన అవసరం లేదు. పసిబిడ్డ ఉంటే తరగతి రోజుల్లో, పరీక్ష రోజుల్లో ఎవరు చూసుకుంటారో అమ్మమ్మతోనో, మేనత్తతోనో ఇప్పుడే మాట్లాడి పెట్టండి. ఫీజు గడువు తేదీని మీ ఫోనులోనూ, అమ్మమ్మ ఫోనులోనూ రాసుకోండి.